రెసియాతో నాన్న పేరు, రెండు వందల పన్నెండో నంబరు భూమి

సోయిత్ పూస్,
ఫిబ్రవరి పంతొమ్మిది.

భూ విభజన అధికారి ముసెంబి గారి సముఖమునకు,
నల్లనీళ్ళ వాగు మలుపు దగ్గరి దొడ్డిలో కాపురముండు నోలారామి, అనగా కూతురు రెసియాతో పేరు మీద "రెసియాతో తల్లి" అని పిలువబడునది, మనవి చేసుకొనునది.

అయ్యా,

విషయం అనే గీత ముందు రాయాలనీ, మిగతాదంతా దాని కింద రాయాలనీ పెద్దల బడి టీచరమ్మ నేర్పింది. కానీ క్షేమం అడక్కుండా పని చెప్పేవాళ్ళని మా దగ్గర పశువుల దొంగలనుకుంటారు. అందుకని క్షేమం ముందు అడుగుతాను. తప్పయితే టీచరమ్మది కాదు, నాది.

తమరు క్షేమమేనా? జనవరిలో మీటింగు పెట్టినప్పుడు తమరు మాట్లాడుతూ మాట్లాడుతూ దగ్గారు. నేను ఆడవాళ్ళ వరసలో వెనక కూర్చుని విన్నాను. ఆ దగ్గు పైపైది కాదు. తగ్గిందా? తమరి ఇల్లాలు క్షేమమేనా? పిల్లలు క్షేమమేనా, బడికి వెళ్ళేటప్పుడు రోడ్డు దాటించే మనిషి ఉన్నారా? తమరి తల్లిగారు ఉన్నారా, ఉంటే మోకాళ్ళు ఎలా ఉన్నాయి? తమరి ఆవులు క్షేమమా? తమరికి ఆవులు లేవని గుమాస్తా బాబు చెప్పాడు. అంత పెద్ద ఉద్యోగం చేస్తూ ఒక్క ఆవైనా లేకపోవడమేమిటని ఆ రోజంతా నాకు దిగులుగా ఉంది. ఆఫీసు గేటు దగ్గర కూర్చునే కాపలా ఆయన కాలిపుండు మానిందా? టీ ఇచ్చే అమ్మాయికి నెలలు నిండాయి కదా, కాన్పయిందా? గుమాస్తా బాబు క్షేమమేనా? ఈ అర్జీ చాలావరకు ఆయన మీదే. అయినా అడుగుతున్నాను.

ఇక్కడ మేము క్షేమం. నా సవతి నూంకిషు క్షేమం, పన్ను ఒకటి కదులుతోంది. నా కూతుళ్ళు అయిదుగురూ వాళ్ళ వాళ్ళ దొడ్లలో క్షేమం. చిన్నదాని ఫోను రెండు రోజులుగా పలకడం లేదు. చార్జింగ్ అయిపోయి ఉంటుందని అందరూ అంటున్నారు, అయి ఉంటుంది, అయినా నిన్న నా మొక్కజొన్న ఉగాలి ముద్ద సగం కంచంలోనే మిగిలింది. ఆవులు చిక్కాయి గాని నిలబడే ఉన్నాయి. తెల్లమచ్చల ఆవు సంగతి కింద రాస్తాను.

విషయం: రెండు వందల పన్నెండో నంబరు భూమి పట్టా మా ఇద్దరికీ ఇప్పించుట గురించి, చనిపోయినవారి పేరు మా నోట అనిపించకుండుట గురించి, మా పక్క భూమి ఒలె సంకైరె పాతిన స్తంభములు తీయించుట గురించి.

1. సోయిత్ పూస్ ఉమ్మడి మేతభూమిని ఇంటింటికీ ముక్కలుగా పంచునప్పుడు, రెసియాతో నాన్న, అనగా నాకునూ నూంకిషుకునూ భర్త అయినవారు, సభ్యులై యుండి, చీటీ తీయగా రెండు వందల పన్నెండు వచ్చినది. అందులోనే మా దొడ్డి యున్నది. ఆవులు నాకే ఉప్పుమన్ను దిబ్బ యున్నది. వాగులోకి పశువులు దిగే దారి యున్నది. ఆ రోజు ఆయన ఇంటికొచ్చి, "ఒసే, నేను పుట్టిన చోటునే నాకు చీటీలో ఇచ్చారే, వీళ్ళ తెలివి తెల్లారా" అని పడీపడీ నవ్వారు. నేను నవ్వలేదు. చీటీ జాగ్రత్తగా పెట్టారా అని అడిగాను. పట్టా కాగితం రాకముందే, వానలు తప్పిన ఏడాది, ఆయన పోయారు. నాలుగేళ్ళయింది.

2. పట్టాలు తయారయ్యాయని తెలిసి గత అక్టోబరులో నేను తమ ఆఫీసుకు వచ్చితిని. మోటారుసైకిలు వెనక కూర్చుని వచ్చాను. దారంతా కళ్ళు మూసుకునే ఉన్నాను. గుమాస్తా బాబు కిటికీ అవతలి నుంచి అడిగాడు:

"భర్త పేరేంటమ్మమ్మా?"

"రెసియాతో నాన్న."

"అది పిలుపు. పేరు కావాలి."

"ఆయన లేరు బాబూ."

"లేకపోతేనేం, పేరుంటుంది కదా?"

"అదీ లేదు. ఆయనతోనే పోయింది."

గుమాస్తా బాబు కాసేపు నా ముఖంలోకి చూశాడు. తర్వాత కాగితం మీద ఏదో రాశాడు. మూడేళ్ళుగా అక్షరాలు నేర్చుకుంటున్నాను కాబట్టి తలకిందులుగా ఉన్నా చదవగలిగాను. భర్త పేరు దగ్గర "లేదు" అని ఉంది. దాని కింద వివాహం అనే చోట "కాలేదు" అని ఉంది.

అయ్యా, నేను ఆ ఆఫీసులోకి వెళ్ళేటప్పుడు అయిదుగురు కూతుళ్ళ తల్లిని, పద్దెనిమిది మంది మనవల అమ్మమ్మని. బయటికొచ్చేటప్పటికి పెళ్ళికాని పిల్లని. ఇంటికొచ్చి చెబితే నూంకిషు నేలమీద కూలబడి నవ్వింది. "అయితే అక్కా, సంబంధాలు చూడమంటావా? వాగు అవతల ఒక ముసలాయన ఉన్నాడు, పళ్ళు లేవు గాని పదకొండు ఆవులున్నాయి" అంది. దానికి నవ్వులాటగానే ఉంటుంది. నాకు మాత్రం ఆ కాగితం గాలికెగిరి ఎవరి చేతిలోనైనా పడితే అల్లుళ్ళు ఏమనుకుంటారోనని భయం.

3. డిసెంబరులో నూంకిషును వెంటబెట్టుకొని మరల వచ్చితిని. ఇక్కడే జరగకూడనిది జరిగినది, కావున తమరు ఈ మూడో నంబరు నిదానంగా చదవవలెను.

గుమాస్తా బాబు ఈసారి మంచిగానే ఉన్నాడు. "పోనీ, మీరు చెప్పొద్దు. నేను రిజిస్టరులో సభ్యుల పేర్లు చదువుతాను. తెలిసినవాళ్ళయితే తెలుసనండి. మీ ఆయన పేరు వచ్చినప్పుడు కూడా తెలుసనండి, చాలు" అన్నాడు. నూంకిషు నా చెవిలో "పిల్లవాడు తెలివైనవాడే" అంది. నాకూ అలాగే అనిపించింది.

అతను చదవడం మొదలుపెట్టాడు. ఒక పేరు చదివాడు. "తెలుసు. వాడి తల్లికి కాన్పు చేసింది నేనే" అన్నాను. ఇంకొకటి చదివాడు. "తెలుసు, మా గొడ్డలి పట్టుకెళ్ళి తిరిగివ్వలేదు" అంది నూంకిషు. ఇంకొకటి. "తెలుసు, ఆ మనిషికి ఒక చెవి వినపడదు, గట్టిగా చదువు" అంది. గుమాస్తా బాబు కూడా నవ్వాడు. పక్క బల్ల ఆయనా నవ్వాడు. అలా నవ్వుకుంటూ ఉండగా అతను ఆ పేరు చదివాడు.

అయ్యా, పోయినవారి పేరు మా దగ్గర ఇంటివాళ్ళు అనరు. ఎవరైనా తెలియక మా ముందర అంటే మేము పలకము. ఆ పేరు పెట్టి "ఫలానా ఆయన తెలుసా" అని అడిగితే "తెలియదు" అంటాము. అది అబద్ధం కాదు, మర్యాద. చిన్నప్పుడు మా అమ్మ మా తాత పేరుకి అలాగే అనడం విన్నాను. ఆ మాట మేము ఆలోచించుకుని అనేది కాదు. నిప్పు తగిలితే చెయ్యి వెనక్కి వచ్చినట్టు వస్తుంది.

ఆ పేరు వినగానే నేనూ నూంకిషూ ఇద్దరం ఒక్కసారే కప్పుకున్న దుప్పటి చెవుల మీదికి లాక్కుని "తెలియదు" అన్నాం.

గుమాస్తా బాబు నవ్వు ఆపాడు. "తెలియదా?"

"తెలియదు" అన్నాం మళ్ళీ. నాలుక మా మాట వినలేదు.

"మరి వీళ్ళందరిలో తెలియనివాడు ఇతనొక్కడేనా?"

"ఆ, ఒక్కడే" అంది నూంకిషు. అలా అంటే అర్థమవుతుందనుకుంది. మా పిల్లలకైతే అర్థమయ్యేది.

అతను రాశాడు: "భార్యలమని చెప్పుకొనువారు సభ్యుని గుర్తించలేదు." రాసి ముద్ర కొట్టాడు. ముద్ర కొట్టేటప్పుడు నేను "బాబూ, ఆగు" అన్నాను. ముద్ర చప్పుడులో వినపడలేదేమో. అప్పుడే నేను కిటికీ లోపలికి చెయ్యి పెట్టి ఆ కాగితం పట్టుకుని ఉండాల్సింది. రోజూ అదే అనుకుంటున్నాను.

4. గుర్తింపు కార్డు తెమ్మన్నారు. అది తేలేము. ఆయన్ని పూడ్చిన రోజున కార్డు కూడా తల దగ్గర పెట్టాము. దాని మీద పేరుంది కదా, పేరున్న వస్తువు ఇంట్లో పెట్టుకుని ఏం చేస్తాం? అది బుద్ధి తక్కువ పని అని గుమాస్తా బాబు అన్నాడు. అయి ఉండవచ్చు. పాస్టరు గారు కూడా అక్కడే ఉన్నారు, వద్దని ఆయనా అనలేదు. "తవ్వి తెండి" అని పక్క బల్ల ఆయన అన్నాడు. ఆయన హాస్యానికి అన్నాడని నూంకిషు అంటుంది. నాకు అలా అనిపించలేదు.

5. కాగితాలంటే మాకు గిట్టదని తమరు అనుకోవద్దని కోరుచున్నాను. మనవల టీకా కార్డులన్నీ పాలపిండి డబ్బాలో పెట్టి మూత బిగించి పడక కింద ఉంచాను, ఒక్కటి కూడా తడవలేదు. ఆవుల చెవులకు పసుపుపచ్చ బిళ్ళలు కొట్టించమన్నారు, కొట్టించాము. మా దగ్గర ఉండే మనవల్ని బడికి పంపమన్నారు, పంపాము, ఇప్పుడు దూడల్ని తోలేవాళ్ళు లేక నేనే కర్ర పట్టుకుని తిరుగుతున్నాను. వాన ఎప్పుడో ఫోనులో చూసి చెబుతారు నా మనవరాళ్ళు, వాళ్ళు చెప్పిన రోజునే గడ్డి కప్పు సరిచేసుకుంటున్నాను. తమరు అడిగినవన్నీ ఇస్తూ వచ్చాము. ఒక్కటి ఇవ్వలేకపోతున్నాము. ఆ ఒక్కదాని కిందే మా భూమి అంతా పెట్టారు.

6. డిసెంబరులోనే వెళ్ళిపోయేటప్పుడు నేను గుమాస్తా బాబు ఫైలు మీద ఉమ్మితినని ఆయన తమకు ఫిర్యాదు చేసినట్టు తెలిసినది. నిజమే. అది దీవెన. కోపంతో ఉమ్మలేదు. ఆ ఫైలుకి మంచి జరగాలని, ఆ ముద్ర ఎలాగైనా మారాలని తుంపర చల్లాను. మా దగ్గర పసిబిడ్డల మీద కూడా అలాగే చేస్తాము. చాలా కొంచెమే. తుడుచుకున్నాడు కూడా. అతను తల వంచితే చెయ్యి పెట్టి దీవించేదాన్ని, కిటికీకి ఇనప చువ్వలున్నాయి. ఆయనకు బాధ కలిగితే క్షమించవలెను.

7. ఆయన ఈడువాళ్ళు నలుగురు ఇంకా బతికే ఉన్నారు, వారు వచ్చి సాక్ష్యం చెబుతామన్నారు. గుమాస్తా బాబు ఒప్పుకోలేదు. "భార్యలే గుర్తించలేదని ముద్ర పడిపోయింది, ఇప్పుడు భార్య స్వయంగా అధికారి ముందు పేరు చెప్పి ప్రమాణం చేస్తేనే మారుతుంది" అన్నాడు. పోనీ రాసిస్తానన్నాను. ప్రమాణం నోటితో చెయ్యాలట. రాయడం కూడా నా వల్ల అయ్యేది కాదు లెండి. అక్షరం రాస్తుంటే పెదవులు కదలకుండా ఉండడం నాకింకా రాలేదు, ఈ అర్జీ కూడా గొణుక్కుంటూనే రాస్తున్నాను.

8. ఇక ఒలె సంకైరె అనునతడు. ఇతని ముక్క మా పక్కది, రెండు వందల పదమూడు. ఇతను మా ఆయన దగ్గర చిన్నప్పుడు మేకలు కాయడం నేర్చుకున్నాడు. ఇప్పుడు తన ముక్కకు కంచె వేసి ఉల్లిపాయలు పండించేవాళ్ళకు కౌలుకి ఇచ్చాడు. అది అతని ఇష్టం. కానీ మా ముక్కని "గుర్తించేవారు లేని భూమి" అని చెప్పి తనకిమ్మని తమకు దరఖాస్తు పెట్టాడు. జనవరి నెలలో మా ఉప్పుమన్ను దిబ్బ అంచున ఇనప స్తంభాలు పాతాడు, తొమ్మిది. తీగ ఇంకా లాగలేదు. మార్చి నెలాఖరుకి జాబితా మూసేస్తారు కదా, అప్పుడు లాగుతాడట. లాగితే వాగులోకి దారి ఉండదు. ఆవులు నీళ్ళకి చుట్టూ తిరిగి వెళ్ళాలంటే మధ్యాహ్నమవుతుంది, ముసలి ఆవులు వెళ్ళలేవు, నేనూ వెళ్ళలేను. మా రెండు ఇళ్ళూ అతని ఉల్లిపాయల మధ్యకు వస్తాయి.

నేను వెళ్ళి అడిగాను. "నాయనా, నీకు మేకల్ని పిలవడం నేర్పిన మనిషి దారి మీద స్తంభాలు పాతావా?"

"నేనేం చేశానత్తా? మీరే కదా తెలియదన్నారు. తెలియని మనిషి భూమి ఎవరిదైతేనేం? కొడుకు లేని వాకిలి ఎన్నాళ్ళుంటుంది?"

"కొడుకు లేకపోతే ఏం, ఇద్దరు పెళ్ళాలం ఉన్నాం కదా."

"అయితే వెళ్ళి పేరు చెప్పండి. ఒక్క మాట. చెప్పిన రోజునే స్తంభాలు నేనే పీకేస్తాను."

దీనికైతే నేను తమకు రాసేదాన్ని కాదు. పొరుగువాళ్ళన్నాక హద్దుల గొడవ ఉంటుంది. కానీ మూడో రోజు పొద్దున, నేను పాలు పిండుతుండగా, మా కంచె వాకిలి బయట నిలబడి అతను ఆయన్ని పేరు పెట్టి పిలిచాడు. లోపల ఉన్న మనిషిని బయటికి రమ్మన్నట్టు పిలిచాడు. మూడుసార్లు. "ఉన్నాడా ఇంట్లో?" అన్నాడు. అతని వెనక ఉల్లిపాయల వాళ్ళు ఇద్దరు నిలబడి నవ్వారు, వాళ్ళకు తెలియదు పాపం. పాలబుర్ర నా చేతిలో నుంచి జారింది. నూంకిషు ఇంట్లో నుంచి ఒంటికి మంట అంటుకున్నట్టు ఉరికొచ్చి, "నీ తల్లి బతికుంటే నీ నోట్లో పేడ పెట్టేది రా" అంది. అతను వెళ్ళిపోయాడు.

నాలుగు రోజులకు తెల్లమచ్చల ఆవు నెలలు నిండకుండానే ఈచుకుపోయింది. పశువుల డాక్టరు వచ్చి ఏదో జబ్బని పేరు చెప్పాడు, సూది వేశాడు. నేను కాదనలేదు. సూదికి డాక్టరుని పిలిపించింది నేనే. కానీ నాలుగేళ్ళుగా నిమ్మళంగా పడుకున్న మనిషిని వాకిలి దగ్గర నిలబడి మూడుసార్లు లేపితే, ఆయన లేచి వచ్చి ఏమీ అనకుండా వెళ్ళిపోతాడా? అప్పటి నుంచి చిన్నది ఫోను ఎత్తకపోయినా వాకిలి దాకా వెళ్ళి బయటికి చూసి వస్తున్నాను.

9. పైన చెప్పిన కారణములచేత, పేరు అడగకుండానే తమరు నిజం తెలుసుకోగల మార్గము ఒకటి కలదని మనవి చేసుకొనుచున్నాను. గుమాస్తా బాబు పెళ్ళి కాగితం అడిగాడు. మా పెళ్ళి కాగితం ఆఫీసులో దొరకదు, కంచెలో ఉంటుంది. తమరు మా దొడ్డికి దయచేయవలెను. వచ్చి, మా వాకిలి బయట నిలబడి లోపలికి చూడవలెను. మా దగ్గర ఇంటి యజమాని అయిన మగవాడికి కంచెలో తన వాకిలి తనకుంటుంది. మొదటి భార్య ఆ వాకిలికి కుడిపక్క ఇల్లు కట్టుకుంటుంది. రెండో భార్య ఎడమపక్క. మగవాళ్ళు కట్టరు, మేమే కట్టుకుంటాము, పుల్లలూ పేడా మా చేతులతోనే. తమరు చూస్తే కుడిపక్క నా ఇల్లుంటుంది, కొంచెం వంగింది, పోయిన వానకి సరిచేయలేదు. ఎడమపక్క నూంకిషు ఇల్లు ఉంటుంది. దాని తలుపు దగ్గర సౌరదీపం ఉంటుంది, అది బడిపిల్లల కోసం. రెండిళ్ళకీ ఒక్కటే వాకిలి. ఒక వాకిలికి కుడీ ఎడమా ఇద్దరు ఆడవాళ్ళు ఊరికే వచ్చి ఇళ్ళు కట్టుకోరు. భర్త లేనివాళ్ళు అలా కట్టుకుంటే ఊళ్ళోవాళ్ళు మర్నాడే కంచె పీకేస్తారు. నలభై తొమ్మిదేళ్ళుగా ఎవరూ పీకలేదు.

ఇంకా కావాలంటే మా ఆవుల చెవికోత గుర్తు చూడండి. పసుపు బిళ్ళ కింద ఉంటుంది. మేతభూమి సభ్యులందరూ చేరినప్పుడు పెద్ద పుస్తకంలో పేరు పక్కన ఆ గుర్తు గీయించారు, ఆయన గీస్తుండగా నేను చూశాను. పుస్తకంలో గుర్తునీ, ఆవు చెవినీ పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఆవు అబద్ధం చెప్పదు, దానికి "తెలియదు" అనే మాట రాదు.

10. నన్ను మొండిదానినని గుమాస్తా బాబు అన్నట్టు విన్నాను. అయ్యా, ఒక్క మాట రాయనివ్వండి, టీచరమ్మ నేర్పినది కాదు. ఆ పేరు చెప్పడం ఎంతసేపు? ఊపిరి పీల్చేంతసేపు. అది నాకూ తెలుసు. మార్చి నెలాఖరు వస్తోందని రోజూ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నాను. ఆవుల్ని తోలుకుని ఆ స్తంభాల మధ్య నుంచి వెళ్ళినప్పుడల్లా నోటి దాకా వస్తుంది. అని పారేస్తే పోతుంది కదా అనిపిస్తుంది. అన్న తర్వాత ఏ మనవరాలికి జ్వరమొచ్చినా, ఏ అల్లుడు మోటారుసైకిలు మీద నుంచి పడినా, నేను పిలిచినందుకే అనుకుంటూ బతకాలి. నాకు అసలే అన్నిటికీ భయం. తమరు నాకు భూమి ఇచ్చి, ఆ భూమి మీద నిద్ర లేకుండా చేయకండి. తమరికి ఇది చిన్న విషయమని నాకు తెలుసు. తమరి పేరు పుస్తకంలో ఉంటే తమరు ఉన్నట్టు. మాకు పేరు అనకపోతేనే ఆయన హాయిగా ఉన్నట్టు.

కావున తమరు స్వయముగా మా దొడ్డికి వచ్చి, వాకిలియునూ రెండు ఇండ్లునూ ఆవుల చెవులునూ చూసి, "గుర్తించలేదు" అను ముద్ర కొట్టివేయించి, పట్టాను మా ఇద్దరి పేర రాయించి, ఒలె సంకైరె స్తంభములు తొమ్మిదింటినీ తీయించవలెనని, ఈ ముసలిదాని రాతలో తప్పులుంటే తప్పుల్ని కాక బాధను చిత్తగించవలెనని వేడుకొనుచున్నాను.

తమ విధేయురాలు,
నోలారామి
(కుడిపక్క ఇల్లు)

మరియు వేలిముద్ర: నూంకిషు
(ఎడమపక్క ఇల్లు)

కింద మళ్ళీ రాస్తున్నాను. అర్జీ అయిపోయింది, కవరులో పెట్టాను, మళ్ళీ తీశాను.

వేలిముద్ర వేయించుకోవడానికి నూంకిషుకి ఇది చదివి వినిపించాను. అది పూసలు గుచ్చుకుంటూ అంతా వింది. "బాగా రాశావక్కా. నా ఇల్లు వంగలేదని కూడా రాయాల్సింది" అంది. తర్వాత సూది పక్కన పెట్టి, "ఆయన వచ్చి వాకిలి చూసి, 'వాకిలి బాగానే ఉంది, ఇప్పుడు పేరు చెప్పండి' అంటే?" అంది.

అదే నా భయం కూడా.

"అంటే నేను చెబుతాను" అంది. "నాకు కడుపున పుట్టినవాళ్ళు లేరు. ఏదొచ్చినా నాతోనే పోతుంది."

"నోరు ముయ్యి. నా అయిదుగురూ ఎవరి పక్కలో పడుకుని పెరిగారు? రెసియాతో ఇప్పటికీ ఇక్కడికొస్తే నా ఇంట్లో దిగుతుందా, నీ ఇంట్లోనా? నీకేదైనా అయితే వాళ్ళకి కానట్టా?"

"అయితే నువ్వు చెప్పు."

"నేను చెప్పలేను."

"అయితే ఉల్లిపాయలు పీకడం నేర్చుకో."

టీ చల్లారిపోయింది. నేను మళ్ళీ కాచాను. గుక్క తాగి నూంకిషు అంది: "అక్కా, ఆయన ఉన్నప్పుడు ఏది తెచ్చినా మనకి చెరిసగం ఇచ్చాడు. మాంసమైనా, గుడ్డయినా. ఒక్కసారి కూడా ఒకరికే ఇవ్వలేదు. మరి ఇది మాత్రం ఒకరే ఎందుకు మొయ్యాలి? పేరులో ముందు సగం నువ్వను. వెనక సగం నేనంటాను. సగం పేరు ఎవరి పేరూ కాదు. ఆయన్ని పిలిచినట్టూ కాదు."

అయ్యా, నేను రాత్రి నుంచి దీన్ని అటూ ఇటూ తిప్పి చూశాను. ఇందులో తప్పు దొరకలేదు. తప్పు వెతకడం నాకు బాగా వచ్చు, అయినా దొరకలేదు.

అందుకని తమరు ముందు వాకిలి చూడండి. అది చాలితే అదే రాసుకుని, మా పాలు తాగి వెళ్ళండి. చాలకపోతే, మేమిద్దరం కంచె బయటికి వచ్చి తమరికి చెరోవైపు నిలబడతాము. నా కుడిచెవి బాగా వినపడదు కాబట్టి నేను మొదలుపెట్టాక ఆగమనకండి. నేను నా సగం అంటాను. కొంచెం ఆగి నూంకిషు తన సగం అంటుంది. ఒక్కసారే. ఆ రెండు సగాలూ కలిపి ఒకటిగా రాసుకోవడం తమరి పని. తమరు మా ఇంటివారు కారు, తమరికి ఏమీ కాదు, ఆ విషయం పొద్దున ఆయన ఈడువాళ్ళని అడిగి కనుక్కున్నాను. రాసుకున్నాక పైకి చదవకండి. గుమాస్తా బాబుని కారులోనే కూర్చోబెట్టండి, టీ అక్కడికే పంపిస్తాను.

సోమవారం సంత, ఒలె సంకైరె ఉల్లిపాయల లారీలు దారికడ్డంగా ఉంటాయి. బుధవారం టీచరమ్మ బడి. ఆదివారం చర్చి. పిల్లలందరూ బడిలో ఉండి, దూడలు కూడా ఇంటి దగ్గర లేని రోజు చూసి నూంకిషూ నేనూ నిశ్చయం చేసుకున్నాం. మార్చి పదకొండు, మంగళవారం, ఆవులు వాగు దాటిన తర్వాత.